వరుస చివరి మనిషి

అమెరికా తూర్పు తీరంలో సెప్టెంబరు శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే కాలేజీ ఫుట్‌బాల్ ఆట బీదర్‌లో రాత్రి 9:30కి తెర మీదికి వస్తుంది. అక్కడి రాత్రి 7:30 ఆట చూడాలంటే ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు లేవాలి. భాల్కి, హుమ్నాబాద్, జహీరాబాద్ వైపు ఇళ్ల నుంచి అమెరికా చదువులకు వెళ్లిన పిల్లలు యూనివర్సిటీ రంగు చొక్కా తొడుక్కుని స్టేడియం నుంచి వీడియో కాల్ చేస్తే, ఇక్కడి పెద్దలు అడిగేది ఒకటే: "ఒకడి మీద ఒకడు పడటం తప్ప ఇందులో ఆటేముందిరా?" చాలాసార్లు పిల్లల దగ్గర కూడా జవాబుండదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో చేరే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్‌కైతే అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. అక్కడ పేరు మోసింది చదరంగం జట్టు.

మన దేశంలోనూ ఈ ఆటను నాటాలని చూశారు. 2012లో ఆడిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్, బెంగళూరు వార్‌హాక్స్ జట్లుండేవి. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. ఆట మనకు పరాయిగానే మిగిలింది. కానీ పెద్దల ప్రశ్నకు జవాబు చెప్పాలంటే లీగులు అక్కర్లేదు, ఒక్క ఆటగాణ్ని అర్థం చేసుకుంటే చాలు. అతని పేరు టైట్ ఎండ్. అతనిలో బలశాస్త్రం ఉంది, జ్యామితి ఉంది, ప్రత్యర్థి మనసును లెక్కగట్టే గణితం కూడా ఉంది.

నియమం పుట్టించిన ఆటగాడు

ముందు ఆట స్వరూపం క్లుప్తంగా. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు, అంటే 9.1 మీటర్లు, ముందుకు పోతే మళ్లీ నాలుగు అవకాశాలు దక్కుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. ముందుకు పోవడానికి దారులు రెండు: బంతి పట్టుకుని పరిగెత్తడం, లేదా ముందున్న సహచరుడికి విసరడం.

రెండో దారి మొదట్లో లేదు. 1905లో మైదానాల్లో గాయాలు, చావులు ఎక్కువై అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. ఆటను గుంపు తొక్కిసలాట నుంచి బయటపడేయడానికి 1906లో బంతిని ముందుకు విసరడాన్ని అనుమతించారు. అయితే ఎవరు పడితే వాళ్లు పట్టుకుంటామంటే కుదరదు. ఇప్పటి కాలేజీ నియమం ప్రకారం, బంతి కదిలే క్షణానికి వెనక నలుగురికి మించి ఉండకూడదు. అంటే మిగతా ఏడుగురూ బంతి ఉన్న గీత మీద వరుసగా నిలబడాలి. ఆ వరుసలో రెండు కొసల మీద ఉన్నవాళ్లు, వెనక ఉన్న నలుగురు మాత్రమే విసిరిన బంతి పట్టడానికి అర్హులు. మధ్యలోని ఐదుగురు 50 నుంచి 79 లోపు నంబర్ల చొక్కాలు వేసుకుంటారు. వాళ్ల పని అడ్డుకోవడం వరకే.

కాబట్టి అర్హతకు షరతులు రెండు: నిలబడ్డ చోటు, చొక్కా మీది నంబరు. టైట్ ఎండ్ వరుస చివర, ఆ బరువైన ఐదుగురికి ఆనుకుని నిలబడతాడు. చూస్తే అడ్డుకునేవాళ్ల గుంపులో ఒకడు, రూలు ప్రకారం బంతి పట్టగలవాడు. అతని కథంతా ఈ రెండు ముఖాల మధ్యే నడుస్తుంది.

నేల మీద పట్టు ఎవరిది?

మొదటి ముఖం, అడ్డుకోవడం. ఆటలో దీన్ని బ్లాక్ చేయడం అంటారు. టైట్ ఎండ్‌కు సాధారణంగా ఎదురు వచ్చేది అవతలి జట్టు డిఫెన్సివ్ ఎండ్. టైట్ ఎండ్ 115 కిలోలు, ఎదుటివాడు 120 కిలోలు అనుకుందాం. బరువు తక్కువవాడు ఎక్కువవాణ్ని వెనక్కి నెట్టగలడా? గలడు. దానికి కోచ్‌లు చెప్పే సూత్రం, కిందికి వంగినవాడే గెలుస్తాడని.

ఎందుకో చూడండి. మనం ఎవరినైనా నెట్టేది చేతులతోనే అయినా, ఆ బలం వచ్చేది కాలి కింది నేల నుంచి. నేలతో ఘర్షణ ఎంత ఉంటే అంత నెట్టగలం. పాదం నేలను ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత ఎక్కువ. ఇప్పుడు టైట్ ఎండ్ మోకాళ్లు వంచి, చేతులు ఎదుటివాడి ఛాతీ కింద పెట్టి, ముందుకే కాకుండా కొంచెం పైకి కూడా నెట్టాడు. ఆ పైకి నెట్టిన బలం 30 కిలోల బరువుకు సమానం అనుకుంటే, ఎదుటివాడి పాదాలు నేలను 90 కిలోల బరువుతోనే నొక్కుతాయి. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఆ 30 కిలోలూ వచ్చి టైట్ ఎండ్ పాదాల మీద పడతాయి. అతని లెక్క 145 అవుతుంది. 115కు 120 పోటీ కాస్తా 145కు 90 పోటీగా మారిపోయింది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బరువు తూచే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడండి. ఒకరు రెండోవారి చంకల కింద చేతులు పెట్టి నెమ్మదిగా పైకి ఎత్తే ప్రయత్నం చేయాలి. మూడోవారు అంకెలు చదవాలి. ఎత్తేవారి యంత్రంలో ముల్లు పెరుగుతుంది, రెండోదాంట్లో అంతే తగ్గుతుంది. మొత్తం మాత్రం మారదు. టైట్ ఎండ్‌కు రోజూ నేర్పే మొదటి పాఠం ఇదే.

ఖాళీల లెక్క

అడ్డుకునే మనిషి ఇంకొకడు చేరితే బలం ఒక్కటే పెరగదు, జ్యామితి కూడా మారుతుంది. గీత మీద ఐదుగురే పక్కపక్కన నిలబడ్డారనుకోండి. వారి మధ్య నాలుగు సందులు, రెండు కొసల బయట రెండు. మొత్తం ఆరు దారుల్లో ఎందులోనుంచైనా బంతి పట్టినవాడు దూరవచ్చు. కాపలా కాసేవాళ్లు ఆరింటినీ చూసుకోవాలి. కొసన టైట్ ఎండ్ చేరగానే దారులు ఏడవుతాయి. రెండో కొసన ఇంకో టైట్ ఎండ్‌ను పెడితే ఎనిమిది.

కాపలాదారులు మాత్రం 11 మందే. ఎనిమిది దారులకు ఎనిమిది మందిని కట్టేస్తే, విశాలమైన మైదానంలో విసిరే బంతిని కాయడానికి ముగ్గురే మిగులుతారు. మైదానం వెడల్పు 160 అడుగులు, అంటే 48.8 మీటర్లు. అంత వెడల్పును ముగ్గురితో కాయడం ఎవరి వల్లా కాదు. అందుకే పరుగు కోసం దింపిన మనిషి వల్ల విసురుడుకు కూడా చోటు పుడుతుంది.

సందేహం ఖరీదు

ఇక్కడ కాపలా జట్టుకు అసలు తలనొప్పి మొదలవుతుంది. వాళ్ల దగ్గర రెండు రకాల మనుషులుంటారు. పరుగును ఆపే బరువైన లైన్‌బ్యాకర్లు ఒక రకం. విసిరిన బంతిని అడ్డుకునే చురుకైన, తేలికైన డిఫెన్సివ్ బ్యాక్‌లు రెండో రకం. ఎదుటి జట్టులో ఎవరెవరు మైదానంలోకి వచ్చారో చూసి, ఎవరిని దింపాలో బంతి కదలకముందే నిర్ణయించుకోవాలి. కబడ్డీలో కూతకు వెళ్లి పాయింటు తేగల మనిషే మూలలో నిలబడి కాలూ పట్టగలిగితే, ఎదుటి కెప్టెన్ అతనిపై ఒకే రకంగా పథకం వేయలేడు. టైట్ ఎండ్ కలిగించే ఇబ్బందీ అలాంటిదే.

దీనికి గణితం ఉంది. 1928లో జాన్ వాన్ నాయ్‌మన్ నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ఇద్దరి ఆటలో ఇరుపక్షాలకూ ఒక సరైన మిశ్రమం ఉంటుంది. ఎన్నిసార్లు ఏ ఎత్తు వేయాలో అది చెబుతుంది. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. కాపలాలో బరువైన మనుషులుంటే పరుగు సగటున 3 గజాలు, విసురుడు 9 గజాలు ఇస్తాయి. తేలికైన మనుషులుంటే పరుగు 6, విసురుడు 5. ఇక్కడ అఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు, ఏడింటిలో నాలుగుసార్లు పరిగెత్తి మూడుసార్లు విసిరితే, కాపలా ఏ రకంగా ఉన్నా సగటున సుమారు 5.6 గజాలు వస్తాయి. అంతకంటే తగ్గించడం అవతలివాళ్ల చేతుల్లో లేదు.

ఇప్పుడు ఆ టైట్ ఎండ్‌కు బంతి పట్టడం సరిగా రాదనుకుందాం. పరుగు అంకెలు అలాగే ఉన్నాయి. విసురుడు అంకెలు మాత్రం 9 నుంచి 5కు, 5 నుంచి 4కు పడిపోయాయి. కొత్త మిశ్రమంతో ఎంత తెలివిగా ఆడినా సగటు 4.5 గజాలు దాటదు. అవకాశానికి ఒక గజం పైనే పోయింది. 10 గజాలు సంపాదించాల్సిన ఆటలో అది పెద్ద లోటు. అడ్డుకోవడం రాని టైట్ ఎండ్‌తో కూడా ఇలాంటి నష్టమే, మరో వైపు నుంచి.

అంటే టైట్ ఎండ్ విలువ అతను పట్టిన బంతుల లెక్కలోనే లేదు. అతను పట్టవచ్చు, అడ్డుకోవచ్చు అన్న సందేహంలో ఉంది. బంతి అతని వైపు రాని ఆటల్లో కూడా ఆ సందేహం పనిచేస్తూనే ఉంటుంది.

అర సెకను దొంగతనం

ఈ సందేహాన్ని గజాలుగా మార్చే పద్ధతి ప్లే యాక్షన్. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపేవాడు, పరుగు తీసేవాడికి బంతి ఇస్తున్నట్టు నటించి, తనే ఉంచుకుని విసురుతాడు. ఇందులో నటన ఒక్క క్వార్టర్‌బ్యాక్‌దే అనుకుంటారు చూసేవాళ్లు. కానీ కాపలాలోని లైన్‌బ్యాకర్ చూపు బంతి మీద కన్నా టైట్ ఎండ్ మొదటి అడుగు మీదే ఎక్కువగా ఉంటుంది. అతను వంగి ఎదుటివాణ్ని ఢీకొంటే పరుగు, నిటారుగా లేచి ముందుకు దూసుకుపోతే విసురుడు. లైన్‌బ్యాకర్‌కు నేర్పే చదువు ఇది.

తెలివైన టైట్ ఎండ్ ఆ చదువునే వాడుకుంటాడు. వంగి, భుజం తగిలించి, ఒక్క లిప్త ఆగి, ఆ తర్వాత జారుకుంటాడు. మనిషి కంటితో చూసి కదలడానికే సుమారు 0.2 సెకను పడుతుంది. పరుగు అని నమ్మిన లైన్‌బ్యాకర్ అర సెకనులో ఒక మీటరు ముందుకు వచ్చేశాడు. అదే అర సెకనులో టైట్ ఎండ్ సెకనుకు 5 మీటర్ల వేగంతో అతన్ని దాటి రెండున్నర మీటర్లు వెళ్లాడు. ఇద్దరి మధ్య మూడున్నర మీటర్ల తేడా. పైగా లైన్‌బ్యాకర్ ఆగాలి, వెనక్కి తిరగాలి, మళ్లీ వేగం అందుకోవాలి. లైన్‌బ్యాకర్ల వెనక, అందరికన్నా లోతుగా కాసే సేఫ్టీల ముందు ఉన్న ఆ ఖాళీలోకి బంతి వస్తుంది. అడ్డుకోవడంలో పేరు లేనివాడు ఇలా వంగినా ఎవరూ నమ్మరు. మోసం పారాలంటే ముందు నిజాయతీగా అడ్డుకున్న చరిత్ర కావాలి.

కాలేజీ మైదానం ప్రత్యేకత

ప్రొఫెషనల్ ఆటకూ కాలేజీ ఆటకూ మైదానం వెడల్పు ఒకటే. బంతిని ఎక్కడ పెట్టి ఆట మొదలుపెట్టాలో చెప్పే హాష్ గీతలు వేరు. ప్రొఫెషనల్ మైదానంలో అవి మధ్యకు దగ్గరగా, 18.5 అడుగుల ఎడంలో ఉంటాయి. కాలేజీలో ఎడం 40 అడుగులు. కాబట్టి బంతి ఒక హాష్ గీత మీద ఉన్నప్పుడు ఒక వైపు 60 అడుగులే మిగిలితే రెండో వైపు 100 అడుగులుంటాయి. ఇరుకు వైపు టైట్ ఎండ్‌ను, విశాలమైన వైపు బంతి పట్టే ముగ్గురు రిసీవర్లను పెడితే కాపలాకు చిక్కే. మనుషుల్ని విశాలం వైపు పంపితే ఇరుకు వైపు టైట్ ఎండ్ ముందు నడుస్తూ పరుగుకు దారి చేస్తాడు. ఇరుకు వైపు బలం పెంచితే విశాలమైన వైపు మైదానం ఖాళీ.

ఇంకో నియమం కూడా సాయపడుతుంది. అఫెన్స్ మనుషుల్ని మారిస్తే కాపలా జట్టుకూ మార్చుకునే వ్యవధి ఇవ్వాలి. మార్చకపోతే ఇవ్వనక్కర్లేదు. కోచ్‌ల భాషలో 12 అంటే ఒక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు), ఇద్దరు టైట్ ఎండ్‌లు అని అర్థం. మిగిలిన ఇద్దరూ రిసీవర్లు. ఆ ఇద్దరు టైట్ ఎండ్‌లూ రెండు పనులూ వచ్చినవాళ్లయితే, ఒక ఆటలో గీతకు ఆనుకుని బరువుగా కనిపించి, మరుసటి ఆటలో అదే మనుషులు మైదానమంతా పరుచుకోవచ్చు. బయటి నుంచి ఎవర్నీ పిలవలేదు కనుక, కాపలా జట్టు తప్పుడు మనుషులతోనే ఇరుక్కుపోతుంది.

2022లో జార్జియా యూనివర్సిటీ ఈ పద్ధతిని పండించింది. బ్రాక్ బవర్స్ రిసీవర్‌లా పరిగెత్తేవాడు. డార్నెల్ వాషింగ్టన్ రెండు మీటర్ల మనిషి, అడ్డుకోవడంలో కొండ. ఇద్దరినీ కలిపి దింపితే ఏ రకం కాపలా సరైనదో తేలేది కాదు. 2023 జనవరి 9న జాతీయ ఫైనల్లో జార్జియా టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీని 65-7 స్కోరుతో ఓడించింది. 2000 నుంచి ఏటా ఉత్తమ కాలేజీ టైట్ ఎండ్‌కు ఇస్తున్న జాన్ మాకీ అవార్డును బవర్స్ 2022లోనూ 2023లోనూ గెలిచాడు. రెండుసార్లు గెలిచింది అతనొక్కడే.

నేర్పడం మాత్రం తేలిక కాదు. సీజన్‌లో కాలేజీ ఆటగాళ్ల సాధన వారానికి 20 గంటలకు మించకూడదన్నది నియమం. అందులోనే టైట్ ఎండ్ అడ్డుకునేవాళ్ల పాఠాలు, రిసీవర్ల పాఠాలు రెండూ నేర్చుకోవాలి. ఓపికతో ఈ పని చేసిన చోటు అయోవా యూనివర్సిటీ. కర్క్ ఫెరెంజ్ 1999 నుంచి అక్కడ హెడ్ కోచ్. స్కాలర్‌షిప్ లేకుండా లైన్‌బ్యాకర్‌గా చేరిన డాలస్ క్లార్క్‌ను టైట్ ఎండ్‌గా మార్చారు. అతను 2002లో మాకీ అవార్డు తెచ్చాడు. 2018 జట్టులోని టి.జె. హాకెన్‌సన్, నోవా ఫాంట్ ఇద్దరూ 2019 ప్రొఫెషనల్ ఎంపికలో తొలి రౌండులోనే వెళ్లారు. ఒకే కాలేజీ నుంచి ఇద్దరు టైట్ ఎండ్‌లు అలా వెళ్లడం అదే మొదలు.

బంతి అందించినవాడే పట్టుకున్నాడు

2024 అక్టోబరు 12న లాస్ ఏంజెలెస్‌లో పెన్ స్టేట్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల మధ్య ఆట. సగం ఆట ముగిసేసరికి పెన్ స్టేట్ 20-6తో వెనకబడింది. విరామం తర్వాత వాళ్ల టైట్ ఎండ్ టైలర్ వారెన్ విచిత్రంగా బంతి మీద వంగి నిలబడ్డాడు. ఆ చోటు సెంటర్‌ది, అంటే బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేవాడిది. సెంటర్ మధ్యలో ఉంటాడు, కాబట్టి బంతి పట్టకూడదు. అందరి బుర్రలోనూ ఉండే లెక్క ఇదే.

పెన్ స్టేట్ మాత్రం గీత మీది మిగతావాళ్లందరినీ వారెన్‌కు ఒకే పక్కన పేర్చింది. ఇప్పుడు సెంటరే వరుసకు కొస. చొక్కా నంబరు 44, అదీ సరిపోయింది. రెండు షరతులూ తీరాయి. వారెన్ బంతి వెనక్కి అందించి, ముందుకు పరుగు తీశాడు. క్వార్టర్‌బ్యాక్ డ్రూ ఆలర్ దూరంగా విసిరాడు. వారెన్ పట్టుకున్నాడు. 32 గజాల టచ్‌డౌన్, అంటే బంతి గోల్ గీత దాటింది. ఆ రోజు అతను మొత్తం 17 బంతులు పట్టి 224 గజాలు సంపాదించాడు. పెన్ స్టేట్ అదనపు సమయంలో 33-30తో గెలిచింది. హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన వారెన్ ఆ ఏడాది 104 బంతులు పట్టి మాకీ అవార్డు అందుకున్నాడు.

దీన్ని గారడీ అని కొట్టిపారేయకూడదు. నియమం అప్పటికే అలా ఉంది. దాన్ని చివరి అక్షరం దాకా చదివిన కోచ్‌లు, అన్ని పనులూ వచ్చిన మనిషి కలిశారు, అంతే.

ఎక్కడ వికటిస్తుంది?

మంచి టైట్ ఎండ్ ఉన్నంత మాత్రాన జట్టు గట్టెక్కదు. అతన్ని పరుగు ఆటల్లోనే దింపితే అతని రాకే ప్రత్యర్థికి కబురు అందించినట్టు. సందేహం పోయింది, విలువ పోయింది. ఎదుటి జట్టు మెరుపు డిఫెన్సివ్ ఎండ్‌ను ప్రతిసారీ ఒంటరిగా ఆపమంటే క్వార్టర్‌బ్యాక్ నేల కరుస్తాడు. భుజం తగిలించి అతని వేగం తగ్గించి, ఆపై బంతి కోసం వెళ్లమనడం మేలు. గోల్ గీత దగ్గర టైట్ ఎండ్‌ను మరిచిపోవడం ఇంకో పొరపాటు. ఐదు గజాల దూరంలో ఉన్నప్పుడు, ఆ గీత వెనకున్న ఎండ్ జోన్ 10 గజాలు కలుపుకుని, కాపలా కాయాల్సిన లోతు 15 గజాలే. పరుగు వేగంతో తప్పించుకునే చోటు లేదు. అక్కడ పనికొచ్చేది ఎత్తు, పైకెగిరి పట్టే చేతులు.

ఇన్ని తెలిసిన అయోవాకే 2023లో గడ్డు కాలం వచ్చింది. టైట్ ఎండ్‌లు ల్యూక్ లాచీ, ఎరిక్ ఆల్ ఇద్దరూ గాయాలతో తప్పుకున్నారు, క్వార్టర్‌బ్యాక్ కూడా గాయపడ్డాడు. ఆ ఏడాది గజాల లెక్కలో దేశంలోని అగ్రశ్రేణి కాలేజీ జట్లన్నింటిలో అయోవా అఫెన్స్ అట్టడుగున నిలిచింది. ఇద్దరి మీద కట్టిన పథకానికి ఆ ఇద్దరూ లేని రోజు గురించి కూడా ముందే ఆలోచన ఉండాలి.

పెద్దల ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఒకరి మీద ఒకరు పడటం పైకి కనిపించేది. దాని కింద ఘర్షణ లెక్క, సందుల లెక్క, అర సెకను లెక్క, ఎదుటివాడు ఏమనుకుంటాడన్న లెక్క ఉన్నాయి. ఈసారి శనివారం రాత్రి పిల్లలు వీడియో కాల్ చేస్తే బంతిని చూడకండి. ఆట మొదలైన మొదటి రెండు సెకన్లూ వరుస కొసన ఉన్నవాడి భుజాల మీద కన్ను పెట్టండి. వంగాడా, లేచాడా చూసి, బంతి ఎటు వెళుతుందో ముందే చెప్పండి. మొదట్లో తప్పుతారు. లైన్‌బ్యాకర్లూ తప్పుతారు కాబట్టి నామోషీ ఏమీ లేదు.